పడమటి వాలుకే వచ్చిన ముసలితనం

క్లెయిముల విభాగం అధిపతి గారికి,

విషయం: వడగళ్ల వానకు పగిలిన ఇంటి కప్పు క్లెయిమును తిరస్కరించడంపై అభ్యంతరం, మళ్లీ సర్వే చేయించాలని వినతి.

అయ్యా,

మీ రెండు పేజీల ఉత్తరం నిన్న అందింది. మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ మొదటి పేజీ ఒకరు, రెండో పేజీ ఇంకొకరు రాశారేమో అనిపించింది. గత నెల 14న మా ఇంటి మీద వడగళ్లు పడ్డాయని మొదటి పేజీలో ఒప్పుకున్నారు. సోలార్ హీటరు గాజు గొట్టాలు 7, ఏసీ బయటి యూనిట్, కారు షెడ్డు మీది ప్లాస్టిక్ రేకులు ఆ వడగళ్లకే పాడయ్యాయని పరిహారం మంజూరు చేశారు. రెండో పేజీకి వచ్చేసరికి, పెంకుల కప్పు మాత్రం 'కాలక్రమంలో జరిగిన అరుగుదల, నిర్వహణ లోపం' వల్ల దెబ్బతిన్నదని, దానికి పరిహారం రాదని రాశారు.

ఆ సోలార్ హీటరు ఉన్నది పెరట్లో కాదు. అదే పెంకుల కప్పు పడమటి వాలు మీద, ఇనుప స్టాండు మీద, పెంకులకు రెండడుగుల ఎత్తున ఉంది. గాజును పగలగొట్టిన వడగళ్లు ఆ రెండడుగులు దిగేలోపు ఏమైపోయాయో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ రోజు సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు మొదలై 12 నిమిషాలపాటు వడగళ్లు కురిశాయి. మొదట శనగగింజలంత పడ్డాయి. తర్వాత గాలి పడమటి నుంచి ఈడ్చికొట్టడం మొదలయ్యాక చిన్న నిమ్మకాయలంత వచ్చాయి. ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. వాన వెలిసీ వెలియగానే వాకిట్లో పడినవి అయిదు ఏరి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్ పైఅరలో దాచాను. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీశాను. అన్నింటిలోకీ పెద్దది 4 సెంటీమీటర్లు ఉంది. నేను ఏరేలోపే కొంత కరిగి ఉంటుంది కాబట్టి కప్పుకు తగిలినప్పుడు అంతకన్నా పెద్దదే తప్ప చిన్నది కాదు. ఆ సంచి ఇప్పటికీ ఫ్రిజ్‌లోనే ఉంది. మీ సర్వేయరు గారికి చూపించబోతే చేత్తో వారించి, అవసరం లేదన్నారు.

ఆ అవసరం లేకపోవడం వల్లే కాబోలు, నివేదికలో వడగళ్ల పరిమాణం 1 సెంటీమీటరు లోపు అని రాశారు. ఆధారం ఏమిటంటే వాతావరణ కేంద్రం నమోదు. ఆ కేంద్రం మా ఇంటికి 22 కిలోమీటర్ల దూరంలో ఉంది. వడగళ్లు ఊరంతా సమానంగా పరచుకునే ముసురు కాదు. మేఘం నడిచిన దారిలో సన్నటి పట్టీలా పడతాయి. ఒక వీధిని చితక్కొట్టి పక్క వీధిని వదిలేస్తాయి. 22 కిలోమీటర్ల అవతల పడిన గింజల్ని కొలిచి మా కప్పు మీద ఏం పడిందో తేల్చడం, పక్కింటివాడికి జ్వరం చూసి నాకు మందు రాసినట్టుంది.

పైగా ఇక్కడ 1కి, 4కి మధ్య తేడా నాలుగు రెట్లు కాదు. వడగల్లు అడ్డుకొలత నాలుగు రెట్లయితే బరువు 64 రెట్లవుతుంది. పెద్దది వేగంగా కూడా పడుతుంది. ఆ వేగం ఇంచుమించు రెట్టింపు. బరువు, వేగం కలిపి లెక్కేస్తే దెబ్బ బలం సుమారు 256 రెట్లు. 1 సెంటీమీటరు వడగల్లుకు పెంకు పగలదని మీ సర్వేయరు గారు రాసిన మాట నిజమే. నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే మా ఇంటి మీద పడింది అది కాదు.

ఇక సర్వే సంగతి. వడగళ్లు పడిన తొమ్మిదో రోజున ఆయన వచ్చారు. ఇంట్లో ఉన్నది 11 నిమిషాలు. వాకిట్లో నిలబడి తల పైకెత్తి చూశారు, ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నారు. నిచ్చెన వేసి ఉంది, ఎక్కలేదు. వయసు రీత్యా ఎక్కలేకపోతే నేను తప్పు పట్టను. అలాంటప్పుడు ఎక్కగలిగిన మనిషిని వెంట తెచ్చుకోవాలి, లేదా కింది నుంచి చూశానని నివేదికలో ఉన్నదున్నట్టు రాయాలి. నివేదికలో 'కప్పును క్షుణ్ణంగా పరిశీలించిన మీదట' అని ఉంది.

క్షుణ్ణంగా చూసి ఉంటే కనబడేది ఇది. పగిలిన పెంకులు మొత్తం 66. అందులో 61 పడమటి వాలు మీదివి, 5 తూర్పు వాలు మీదివి. రెండు వాలుల మీద పెంకులు ఒకే బట్టీ నుంచి ఒకే లారీలో వచ్చాయి, 14 ఏళ్ల క్రితం ఒకే వారంలో పరిచారు. 14 ఏళ్లుగా అదే ఎండకు ఎండి, అదే వానకు తడిశాయి. అరుగుదలే కారణమైతే రెండు వైపులా కొంచెం అటూఇటూగా ఒకేలా కనబడాలి. ముసలితనం పడమటి వాలుకే ఎందుకు వచ్చింది? గాలి ఎటు నుంచి వీచిందో, దెబ్బలు అటే ఉన్నాయి. పడమటి గోడకున్న కిటికీ చెక్కల మీద రంగు పెచ్చులు లేచింది కూడా ఆ రోజే, ఆ వైపే.

అరిగిన పెంకు ఎలా ఉంటుందో కప్పు పని చేసే ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. పైపొర గరుకెక్కుతుంది, పొట్టు రాలుతుంది, పాచి పడుతుంది, అంచులు నానిన బిస్కెట్లా మెత్తబడతాయి. అది నెమ్మదిగా, పెంకు ఒంటినిండా జరిగే పని. మా పెంకులకు ఒక్కొక్కచోట దెబ్బ తగిలి, అక్కడి నుంచి చీలికలు నక్షత్రంలా పాకాయి. ఇంకొన్నింటికి కింద ఆసరా లేని చివరి అంచు చంద్రవంకలా ఊడింది. అన్నింటికంటే ముఖ్యం, పగిలిన ముఖం రంగు. పాత పగులు లోపల దుమ్ము, నలుపు, పాచి చేరి ఉంటాయి. కొత్త పగులు బట్టీలోంచి అప్పుడే తీసినంత ఎర్రగా, పదునుగా ఉంటుంది. నేను దించిన ముక్కల్లో 23 దాచి, ఏ వాలు మీద ఎన్నో వరుసలోదో ఒక్కోదానికి చీటీ అంటించి పెట్టాను. సర్వేయరు గారు వాటిని దాటుకుంటూనే లోపలికి వచ్చారు, దాటుకుంటూనే వెళ్లారు.

నా వైపు నుంచి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ 66లో నాలుగు పెంకులకు పగుళ్లు పాతవే. లోపల నల్లగా ఉన్నాయి. వాటిని విడిగా పెట్టాను, క్లెయిములో చేర్చలేదు. నేను అడిగింది 62కే. క్లెయిము ఫారంలో ఆ సంగతి రాశాను కూడా. దాన్ని మీరు ఎలా వాడుకున్నారంటే, 'కప్పులో పూర్వపు పగుళ్లు ఉన్నట్లు పాలసీదారు స్వయంగా అంగీకరించారు' అని తిరస్కరణకు మొదటి కారణంగా చూపారు. నిజం చెప్పినందుకు ఇంతకుముందు కూడా నష్టపోయాను గానీ ఇంత పద్ధతిగా ఎప్పుడూ నష్టపోలేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. వడగళ్లు పడిన రెండో రోజే ముక్కూమొహం తెలియని ఇద్దరు వచ్చి తలుపు తట్టారు. కప్పు బాగుచేస్తామన్నారు. ఖాళీ కాగితం మీద సంతకం పెడితే బీమా కంపెనీతో తామే మాట్లాడుకుంటామన్నారు, ప్రతి క్లెయిములో పాలసీ ప్రకారం నేను భరించాల్సిన వాటా కూడా బిల్లులో సర్దేస్తామన్నారు. పనిలో పనిగా సుత్తితో ఇంకో వంద పెంకులు తడితే మొత్తం కప్పే కొత్తది వస్తుందని ఒకాయన నవ్వుతూ సలహా ఇచ్చాడు. ఇద్దరినీ గేటు దాటించి వచ్చాను. సుత్తి దెబ్బలన్నీ ఒకే సైజులో, ఒకే వరుసలో, చెయ్యి అందేంత మేర ఉంటాయి కాబట్టి తెలిసిన సర్వేయరు వాటిని పట్టేస్తాడు. అయితే, పట్టాలంటే కప్పు ఎక్కాలి కదా.

మీ రెండో కారణం టార్పాలిన్. సర్వే జరగకముందే కప్పు మీద పట్టా కప్పి 'సంఘటనా స్థలాన్ని మార్చాను' అని రాశారు. నష్టం జరిగాక అది ఇంకా పెరగకుండా పాలసీదారు తగిన జాగ్రత్తలు తీసుకోవాలని మీ పాలసీ పత్రంలోనే షరతు ఉంది. తీసుకోకపోతే ఆ పెరిగిన నష్టానికి మీరు బాధ్యులు కారని కూడా ఉంది. ఆ రాత్రి మళ్లీ వాన పడింది. పట్టా కప్పకపోతే నిర్లక్ష్యమనేవారు, కప్పితే సాక్ష్యం చెరిపానంటున్నారు. కప్పకముందు టార్చి వెలుగులో 43 ఫొటోలు తీశాను. ప్రతిదాని మీదా తేదీ, సమయం ఉన్నాయి. క్లెయిము ఫారంతోపాటే అవీ పంపాను. పట్టాకు, తాళ్లకు, దాన్ని కట్టిన కూలీకి అయిన ఖర్చును 'ముందస్తు అనుమతి లేనిది' అని కొట్టేశారు. రాత్రి తొమ్మిదిన్నరకు మీ హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. ఆఫీసు వేళల్లో చేయమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. అనుమతి ఎవరిని అడగాల్సింది?

లోపలి నష్టానిదీ ఇదే వరస. నడిమి గదిలో ఫాల్ సీలింగ్ రెండు చోట్ల ఉబ్బి ఊడిపడింది, గోడ వెంట విద్యుత్తు తీగల గొట్టంలోకి నీళ్లు దిగాయి. దీన్ని మీరు 'నీటి ఊట' కింద రాసి మినహాయించారు. ఊట అంటే నెలల తరబడి నెమ్ము పట్టి దిగేది. గోడ మీద పసుపు చారలు, బూజు వదిలిపెడుతుంది. ఇక్కడ వడగళ్లు కప్పుకు కంత పెట్టాయి, ఆ కంతలోంచి అదే వాన లోపలికి వచ్చింది. మొదటి కారణం బీమా ఉన్న ప్రమాదమైతే, దాని వెంట తెగకుండా వచ్చిన నష్టమూ దానిదే అన్నది బీమా చట్టంలో పాత సూత్రం. అసలు కారణం ఏదన్నదే చూడాలి, చివర తడిపింది ఏదన్నది కాదు. తుపానువల్ల కప్పుకు పడిన కంతలోంచి వాన వస్తే పరిహారం వర్తిస్తుందని మీ పాలసీలో ఆ మినహాయింపు కిందనే, చిన్న అక్షరాల్లో ఉంది. కింది వాక్యం దాకా చదవమని మనవి.

డబ్బు లెక్కల్లో రెండు తప్పులు. మొదటిది, నేను భరించాల్సిన వాటాను రెండుసార్లు కోశారు, వడగళ్లకు ఒకసారి, గాలికి ఒకసారి. ఒకే మేఘం, ఒకే 12 నిమిషాలు. అది ఒకే సంఘటన. రెండోది తరుగుదల. పాత వస్తువు స్థానంలో కొత్తదాని ఖర్చు చెల్లించే పాలసీ ఇది, అందుకు ఆరేళ్లుగా అదనపు ప్రీమియం కడుతున్నాను. మరమ్మతు పూర్తిచేసి బిల్లు పెట్టేదాకా కొంత మొత్తం ఆపి ఉంచుతామంటే అర్థం చేసుకుంటాను. మీరు ఆపలేదు, శాశ్వతంగా తగ్గించారు. చివరికి గొట్టాలు బిగించే మనిషి కూలీ మీద కూడా తరుగుదల వేశారు. రేపు పని చేయబోయే మనిషి కూలీకి ఇవాళే వయసు ఎలా మీరిందో నాకు బోధపడలేదు.

నిర్వహణ లోపం అన్నారు కాబట్టి గుర్తుచేస్తున్నాను. ఆరేళ్ల క్రితం పాలసీ ఇచ్చే ముందు మీ మనిషే వచ్చి, నిచ్చెనెక్కి, కప్పు ఫొటోలు తీసుకుని వెళ్లాడు. 'కప్పు స్థితి: బాగుంది' అని రాసిన ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది. నిరుడు వానాకాలానికి ముందు కొప్పు పెంకులకు సిమెంటు పూయించిన బిల్లు కూడా ఉంది. ప్రీమియం తీసుకునేటప్పుడు బాగున్న కప్పు పరిహారం అడిగేసరికి అరిగిపోవడం మీ లెక్కల్లోనే సాధ్యం.

మీ ఉత్తరంతోపాటు 'పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను' అనే రసీదు కూడా పంపారు. దాని మీద నేను సంతకం పెట్టను. మీరు ఒప్పుకున్న మొత్తాన్ని, మిగతా హక్కులకు భంగం లేకుండా, ముందు చెల్లించండి. కప్పు ఎక్కి చూడగలిగిన వేరొక సర్వేయరును పంపండి. పాత సర్వే నివేదిక పూర్తి నకలు ఇవ్వండి. ఒకవేళ అప్పుడూ తిరస్కరించదలిస్తే పాలసీలో ఏ నిబంధన, ఏ వాక్యం కింద తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పండి. 'అరుగుదల' అన్న ఒక్క మాట చాలదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే మీ ఫిర్యాదుల అధికారికి, ఆ తర్వాత బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌కు ఇవే కాగితాలు పంపుతాను.

ఆలస్యం చేయవద్దని అడగడానికి కోపం ఒక్కటే కారణం కాదు. చూరు వెంట ఉన్న రేకు కాలువ మీద మట్టి, తుప్పు పేరుకున్నచోట వడగల్లు తగిలిన ప్రతి చుక్కా గుండ్రంగా, శుభ్రంగా మెరుస్తోంది. ఎంత పెద్దవి పడ్డాయో, ఎటు నుంచి పడ్డాయో ఆ మరకలే చెబుతాయి. ఎండకు, వానకు కొన్నాళ్లలో అవి చెరిగిపోతాయి. ఏసీ యూనిట్ పడమటి ముఖం మీద వంగిన సన్నటి రేకు రెక్కలు కూడా, వాటిని సాపు చేసే దువ్వెనలాంటి పనిముట్టుతో సరిచేయించకుండా అలాగే ఉంచాను.

43 ఫొటోలు, స్కేలు పక్కన వడగళ్ల ఫొటోలు, మరమ్మతు అంచనా, నిరుటి సిమెంటు పని బిల్లు, ఆరేళ్ల నాటి మీ తనిఖీ కాగితం నకలు దీనికి జతచేశాను. వచ్చే సర్వేయరు గారు నిచ్చెన తెచ్చుకోనక్కర్లేదు. మా నిచ్చెన పడమటి గోడకే ఆనించి ఉంది. కింద పట్టుకోవడానికి నేనుంటాను.

ఇట్లు,
మీ పాలసీదారు