తప్పు హీరో వయసుది కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏళ్ల తరబడి గ్యాప్ తర్వాత వచ్చే సీక్వెళ్ల గురించి మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో పురావస్తు ప్రొఫెసర్ హీరోగా నడిచే హాలీవుడ్ సాహస సిరీస్ ఇండియానా జోన్స్ ఐదో భాగాన్ని ఉదాహరణగా తీసుకుని, హీరో ముసలివాడైపోయాడు, ఆయన్ని ఇష్టపడినవాళ్లూ ముసలివాళ్లైపోయారు, అందుకే సినిమా తేలిపోయింది అని తేల్చేశారు. ఈ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. విశాఖలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఆ సిరీస్ మీద నాకున్న ప్రేమ చిన్నది కాదు. ఆ సినిమా నన్నూ నిరాశపరిచింది. కానీ కారణం వయసు కాదు.

2023 జూన్ చివర్లో ఆ సినిమా విడుదలైనప్పుడు హీరోగా వేసిన హారిసన్ ఫోర్డ్‌కు 80 ఏళ్లు. కథ 1969లో జరుగుతుంది. ప్రొఫెసర్ జోన్స్‌కు ఆ రోజే ఉద్యోగ విరమణ. కొడుకు వియత్నాం యుద్ధంలో పోయాడు. భార్య విడాకులు కోరుతోంది. క్లాసులో పిల్లలకు పాఠం మీద ధ్యాస లేదు, వీధుల్లో అందరూ చంద్రుడి మీదికి వెళ్లొచ్చినవాళ్లకు జేజేలు కొడుతున్నారు. ఒక కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి? జీవితమంతా పాత కాలాన్ని తవ్వి తీసినవాడిని కొత్త కాలం పక్కకు నెట్టేస్తోంది. రిటైరైన ప్రతి టీచరుకూ తెలిసిన బాధ ఇది. ఆ సీన్లు వస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టి చూశాను.

అయితే సినిమా తీసినవాళ్లే ఆ ముసలాయన్ని నమ్మలేదు. మొదట్లో 1944 నాటి కథ అంటూ చాలాసేపు కంప్యూటర్‌తో తయారుచేసిన పడుచు ముఖాన్ని చూపించారు. ముఖం నలభైల్లో ఉంటుంది, గొంతు ఎనభైల్లో ఉంటుంది. ఆ తర్వాత మొరాకోలో ఆటోల ఛేజింగ్, అది ఎంతకీ తెమలదు. గ్రీకు సముద్రంలో మునిగిన ఓడలో 1901లో దొరికిన ఆంటికిథెరా యంత్రాన్ని ఆధారంగా తీసుకుని కథ అల్లారు. అసలు యంత్రం ఇప్పుడు ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ల కిందట కంచుతో పళ్లచక్రాలు కోసి, సూర్యచంద్రుల నడకను, గ్రహణాలను లెక్కగట్టిన వస్తువు అది. నిజమే ఇంత అద్భుతంగా ఉంటే, దాన్ని పట్టుకెళ్లి టైమ్ మెషీన్ చేసేశారు!

అదీ సర్దుకుపోయేదాన్నే. చివర్లో చేసిన పనికి మాత్రం మనసు విరిగిపోయింది. హీరో క్రీ.పూ. 212కి, రోమన్లు సిరాక్యూస్ అనే గ్రీకు నగరాన్ని ముట్టడించిన రోజుకు చేరుకుంటాడు. ప్రాచీన గ్రీకు గణిత మేధావి ఆర్కిమెడిస్ ఎదురుగా నిలబడతాడు. చరిత్ర చదివినవాడికి అంతకన్నా పెద్ద కల ఉండదు. నేను ఇక్కడే ఉండిపోతాను అంటాడు. ఉండాలో వెనక్కి రావాలో ఆయనే తేల్చుకుని ఉంటే ఈ సినిమాను నేను నెత్తిన పెట్టుకునేదాన్ని. అలా జరగలేదు. ఆయన తన కూతురిలా చూడాల్సిన అమ్మాయే ఆయన ముఖం మీద ఒక్క గుద్దు గుద్దితే ఆయనకు స్పృహ తప్పుతుంది, కళ్లు తెరిచేసరికి న్యూయార్క్‌లో తన గదిలో ఉంటాడు. ఒక మనిషి జీవితం మొత్తంలో పెద్దదైన నిర్ణయాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకున్నారు.

1981లో వచ్చిన మొదటి సినిమాను గుర్తు చేసుకోండి. హీరోకు పాములంటే వణుకు. తన్నులు తింటాడు, చొక్కా చిరుగుతుంది, నొప్పికి మూలుగుతాడు. లారీ సీన్‌లో టెర్రీ లెనార్డ్ అనే స్టంట్ నటుడు నిజంగానే కదులుతున్న లారీ కిందికి జారాడు. ఆ ప్రమాదం చూసేవాడి ఒంటికి తెలుస్తుంది. క్లైమాక్స్‌లో, అందరూ వెతుకుతున్న బైబిల్ కాలపు పవిత్రమైన పెట్టె తెరుచుకున్నప్పుడు హీరో చేసేదల్లా కళ్లు మూసుకోవడమే. చూడకూడనిది ఒకటి ఉంటుందని అతనికి తెలుసు, ఆ తెలివే అతన్ని కాపాడుతుంది. 1989లో వచ్చిన మూడో సినిమాలో లాటిన్‌లో దేవుడి పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో ఒక్క క్షణం మరిచిపోయి తప్పు అక్షరమున్న రాయి మీద కాలు పెడతాడు, నేల విరిగిపోతుంది. చదువు ప్రాణం మీదికి తెచ్చిన సీన్, చదువే గట్టెక్కించిన సీన్ కూడా. తండ్రిగా వేసిన షాన్ కానరీ ఫోర్డ్ కన్నా 12 ఏళ్లే పెద్ద. చూసేటప్పుడు ఎవరికైనా ఆ లెక్క గుర్తొచ్చిందా?

1984 నాటి రెండో భాగాన్ని నేను వెనకేసుకురాను. మన దేశాన్ని అందులో ఘోరంగా చూపించారు. విందులో కోతి మెదడు వడ్డించే సీన్ ఇప్పటికీ మండిస్తుంది. స్క్రిప్టు చూసి మన ప్రభుత్వం అభ్యంతరం చెబితే శ్రీలంకకు వెళ్లి తీసుకున్నారు. అయినా అందులో విలన్ మోలారామ్‌గా భయపెట్టిన అమ్రీష్ పురీయే ఆరేళ్ల తర్వాత జగదేకవీరుడు అతిలోకసుందరిలో మాంత్రికుడిగా వచ్చాడు కాబట్టి, మా తరానికి ఈ రెండు లోకాలూ ఎక్కడో కలిసిపోయాయి.

మూడో భాగం వచ్చిన 19 ఏళ్ల తర్వాత 2008లో, స్ఫటిక కపాలం చుట్టూ అల్లిన కథతో వచ్చిన నాలుగో సినిమా గురించి ఎక్కువ చెప్పను. అణుబాంబు పేలితే ఫ్రిజ్‌లో దూరి బతికాడన్నారు, చివరికి గ్రహాంతరవాసుల్ని దించారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న స్ఫటిక కపాలం ప్రాచీన కాలానిది కాదనీ, తిరిగే చక్రాలతో ఆధునిక కాలంలో చెక్కినదనీ పరిశోధకులు నిరూపించారు. ప్రపంచమంతా నమ్మిన వస్తువు నకిలీదని ఒక ప్రొఫెసర్ కనిపెట్టే కథ తీసి ఉంటే ఎంత బాగుండేది! అలాంటి పని యాభై, అరవై దాటిన మనిషికి ఇంకా బాగా నప్పుతుంది.

ఇదంతా విశాఖ పేపర్‌లో ఎందుకని మీ పాఠకులు అడగొచ్చు. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మన ఊరిదే. 1980లలో తవ్వకాలు జరిగిన బావికొండా మనదే. వీడియో క్యాసెట్లలో ఆ సినిమాలు చూసి వచ్చిన పిల్లలు క్లాసులో నన్ను అడిగేవారు, ‘మేడమ్, ఆ కొండల మీద ఇంకా ఏమైనా దొరుకుతాయా?’ అని. బౌద్ధ భిక్షువులు వాన నీళ్లు ఎలా నిల్వ చేసుకున్నారో చెబితే నోరు తెరిచి వినేవారు. టోపీ, కొరడా ఉన్న ఒక మాస్టారు నా పని సులువు చేశాడు. ఐదో భాగం చూసి అలా అడిగిన పిల్లలు నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

మన దగ్గరా ఇదే ధోరణి మొదలైంది. 1996 నాటి భారతీయుడికి 28 ఏళ్ల తర్వాత 2024లో రెండో భాగం వచ్చి ఎంత నిరాశపరిచిందో చూశాం. పాత పేరు ఉంటే చాలు, కథ ఎలా ఉన్నా జనం వస్తారనే ధీమా కనబడుతోంది. దానికి తోడు భారీ బడ్జెట్ అనేసరికి మొదటి రోజుల్లో టికెట్ రేట్లు పెంచుకోవడానికి అనుమతులు దొరుకుతున్నాయి. కుటుంబంతో వెళ్లేవాడు పాత అభిమానానికి అదనంగా డబ్బు కట్టాల్సి వస్తోంది. మీ పేపర్ రాయాల్సింది దీని గురించి. చూసేవాళ్లు ముసలివాళ్లయ్యారని మా మీద నెట్టేస్తే ఎలా?

రీరిలీజుల్లో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. 2022లో పోకిరి, ఖుషి మళ్లీ వేస్తే హాళ్లు ఎలా ఊగిపోయాయో చూశాం. 2025 మేలో 35 ఏళ్ల సందర్భంగా జగదేకవీరుడు అతిలోకసుందరి వస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లున్నారు. హాలీవుడ్ సినిమాలకు మాత్రం అలా ఎందుకు చేయకూడదు? జగదాంబ సెంటర్ చుట్టుపక్కల హాళ్లవాళ్లను మీ విలేకరులు ఒక్కసారి అడగాలని నా మనవి. ఇండియానా జోన్స్ మొదటి సినిమా, మూడో సినిమా వేస్తే చాలు. తెలుగు డబ్బింగ్ దొరికితే మరీ మంచిది, లేకపోతే తెలుగు సబ్‌టైటిల్స్ అయినా ఉండాలి. వేసవి సెలవుల్లో, ఉదయం ఆటగా, పాత రేటుకే.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం