కొండ దిగాక చూడవలసిన వింతలు

సంపాదకుల వారికి,

తిరుమల దర్శనం ముగించుకున్న యాత్రికులలో అధికులు నేరుగా రైలెక్కేస్తారు గాని, చుట్టుపక్కల ఉన్న వింతల వైపు తిరిగి చూడరు. రేణిగుంట నుంచి పాపానాయుడుపేట మీదుగా వెళితే వచ్చే గుడిమల్లంలో, మెట్లు దిగి చూడవలసిన గర్భాలయంలో, సుమారు 5 అడుగుల శివలింగం మీదే శివుని నిలువెత్తు రూపం చెక్కి ఉంటుంది. కుడిచేత పొట్టేలును పట్టుకుని, ఎడమ భుజాన గొడ్డలితో, ఒక యక్షుని భుజాలపై ఆయన నిలబడి ఉంటాడు. మొదటిసారి చూసినవారు కాసేపు మాట రాక నిలబడిపోవడం నేను చూశాను. నాగలాపురం మండలం సురుటుపల్లిలోనైతే, హాలాహలం మింగిన శివుడు పార్వతీదేవి ఒడిలో తలపెట్టి పడుకుని ఉంటాడు. శయనించే దేవుడంటే విష్ణువే అనుకునే మనకు ఇది కొత్తే! కొండపైన శిలాతోరణం సంగతి చాలామందికి తెలుసు. ఘాట్ రోడ్డు పక్కన కోట్ల ఏళ్ల ఎడం గల రెండు రాతిపొరలు ఒకదానిపై ఒకటి కనిపించే చోటును మాత్రం బస్సులు ఆగకుండా దాటిపోతాయి.

మొన్న చుట్టాలను గుడిమల్లం తీసుకువెళితే, మలుపు దగ్గరి బోర్డును ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పేసింది. మూడు కిలోమీటర్లు ముందుకు పోయి వెనక్కి తిరిగాం. అధికారులు ఆ ఫ్లెక్సీలను తొలగించి, తిరుపతి బస్టాండు నుంచి ఆదివారాలైనా ఈ ఊళ్లను కలుపుతూ ఒక బస్సు నడపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి