బస్తా లేకో ఆవ్

మలక్‌పేట, హైదరాబాద్
ఆదివారం

అమ్ములూ,

నిన్న ఫోన్లో ఒకటే మొత్తుకున్నావు. మీ బడి స్టాఫ్ గ్రూపులో ఒక్కరోజే అరవై మెసేజ్‌లు, క్లాసులో ఫోన్ తీస్తే ఎందుకు తీశావంటారు, తీయకపోతే మెసేజ్ ఎందుకు చూడలేదంటారు అని. మీ రోజుల్లో ఆఫీసు కబురు క్లాసుకు ఎలా వచ్చేది నాన్నా అని అడిగావు. చెప్పబోయేలోపు బస్సొచ్చిందని పెట్టేశావు. విశాఖలో బస్సులు అంత టైముకు వస్తాయా ఏంటి? సరే, ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదని రాస్తున్నాను.

కాచిగూడ దగ్గర నేను చదివిన బడిలో కబురంటే చాచానే. మా అటెండర్. అసలు పేరు మాకెవరికీ తెలీదు, టీచర్లు కూడా చాచా అనే పిలిచేవాళ్ళు. ఖాకీ చొక్కా, కిర్రుమనే చెప్పులు, చంకలో సర్క్యులర్ పుస్తకం. ఆ చెప్పుల చప్పుడు వరండాలో వినపడిందంటే లెక్కల పీరియడ్లో కూడా క్లాసంతా నిటారుగా కూర్చునేది.

గంట కూడా ఆయన చేతిలోదే. వేపచెట్టుకు గొలుసుతో రైలు పట్టా ముక్క వేలాడేది. కాచిగూడ స్టేషన్ నుంచే తెచ్చారని మా నమ్మకం, అడిగినవాడు లేడు. పీరియడుకు ఒక దెబ్బ, ఇంటర్వెల్‌కు రెండు, ఇంటికి లాంగ్ బెల్. మధ్యలో వేళకాని వేళ గంట మోగిందంటే అందరం టీచర్ ముఖంలోకి చూసేవాళ్ళం. ఆవిడ కిటికీలోంచి చాచా ముఖంలోకి చూసేది.

సర్క్యులర్ పుస్తకం సంగతి చెప్పాలి. హెడ్మాస్టరు గారు రాసి సంతకం పెడితే, క్లర్కు ముద్ర వేస్తే, చాచా పదో తరగతి నుంచి మొదలుపెట్టి ఒక్కో సెక్షనే తిరిగేవాడు. టీచర్ ముందు మనసులో చదువుకుని, సంతకం చేసి, తర్వాత పైకి చదివేది. ఆ మనసులో చదివే అర నిమిషం ఉందే, యాభై మందిమి ఆవిడ పెదాల వంకే చూసేవాళ్ళం. సెలవా, ఫీజా, ఇన్‌స్పెక్షనా? నిజానికి సెలవైతే పుస్తకం మా దాకా రాకముందే తెలిసిపోయేది. పదో తరగతి ఒక కేక, తొమ్మిది ఏ ఒక కేక, తొమ్మిది బీ ఒక కేక. మాది వరండా చివరి గది. మాకు కబురు చేరేసరికి కేక వేసే ఓపిక కూడా అయిపోయేది.

క్లాసు నుంచి ఆఫీసుకు వెళ్ళే కబురు మాత్రం లీడర్ పని. బోర్డు పైమూల ఉన్నవారెందరు, వచ్చినవారెందరు అని రాసి, అదే చీటీ మీద రాసుకుని పొద్దున్నే క్లర్కుకు ఇచ్చి రావాలి. ఏడో తరగతిలో నేను లీడర్ని. ఆ చీటీ ఇవ్వడానికి రెండు నిమిషాలు చాలు. నేను పదిహేను నిమిషాలు తీసుకునేవాడిని. ఆఫీసులో చూడ్డానికి అంత ఉండేది మరి. టైపు మిషను, ప్రశ్నపత్రాలు తీసే సైక్లోస్టైల్ మిషను సిరా వాసన, డయలుకు చిన్న తాళం వేసిన నల్ల ఫోను. బడి మొత్తానికి అదొక్కటే ఫోను. మా ఇళ్ళల్లో ఫోనెక్కడిది, పక్కింటివాళ్ళదో కిరాణా కొట్టుదో పీపీ నంబరు ఇచ్చేవాళ్ళం. ఆ నంబరుకు చేస్తే వాళ్ళు వెళ్ళి మనవాళ్ళను పిలుచుకురావాలి. అంటే చివరికి అక్కడ కూడా ఒక మనిషి నడవాల్సిందే.

ఒకరోజు చాచాకు మోకాలి నొప్పి. క్లర్కు మడిచిన కాగితం నా చేతికిచ్చి, టీచరుకు ఇవ్వు, చదవొద్దు అన్నాడు. చదవొద్దంటే మెట్ల మీద ఆగి చదవకుండా ఎలా ఉంటాం? పరీక్ష ఫీజు కట్టనివాళ్ళ జాబితా. నాలుగు పేర్లు, మూడోది నాది. జేబులో పెట్టేసుకుని పోయిందని చెబుదామా అని కూడా అనిపించింది. మళ్ళీ రాసిస్తాడు కదా, అప్పుడు చాచానే తెస్తాడు. తీసుకెళ్ళి ఇచ్చాను. టీచర్ ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కొక్కరూ లేచి నిలబడుతున్నారు. నేను ఎటూ ఆవిడ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి కొత్తగా లేవాల్సిన పని పడలేదు. ఈ సంగతి మీ నాయనమ్మకు ఈరోజు వరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తర్వాత ప్రతి గదిలో బోర్డు పైన స్పీకర్ డబ్బా బిగించారు. హెడ్మాస్టరు గదిలో మైకు. మొదటి వారం పండగలా ఉంది. ఒకసారి మైకు కట్టేయడం మరిచిపోయి క్లర్కు ఎవరితోనో, చాయ్‌లో చక్కెర లేదు, పైసలు మాత్రం పూర్తిగా తీసుకుంటాడు అంటుంటే బడంతా విన్నాం. కానీ ఆ డబ్బాకు నోరే తప్ప చెవి లేదు. "సిక్స్త్ బీ లీడర్ వెంటనే రావాలి" అని గుర్రుమంటూ చెప్పేది. ఆ లీడర్ ఆరోజు రాలేదని చెప్పాలంటే మళ్ళీ ఒకడు పరుగెత్తాలి. చాచాతో అయితే ఏమైంది, ఎందుకు, ఎవరొచ్చారు అని అడగొచ్చు. చెప్పాలనుకుంటే చెప్పేవాడు, లేకపోతే తల అడ్డంగా ఊపి "మాలూం నై", తెలీదు అనేవాడు. ఆ తల ఊపడంలోనే సగం తెలిసిపోయేది.

1984 అక్టోబరు 31న ఆ డబ్బా మాట్లాడలేదు. అప్పుడు నేను ఎనిమిదిలో ఉన్నాను. ఆ ఏడాది గడబిడ అంతా ఇంతా కాదు. ఆగస్టు 16న ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని తీసేశారు, సరిగ్గా నెలకు మళ్ళీ ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు. ఈలోపు ఊళ్ళో గొడవలు, కర్ఫ్యూలు. మధ్యలోనే ఇంటికి పంపేయడం మాకు అలవాటైపోయింది. ఆరోజు మధ్యాహ్నం చాచా పుస్తకం లేకుండా వచ్చాడు. టీచర్ దగ్గరకు వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ కూర్చుండిపోయింది. కాసేపటికి, ఎక్కడా ఆగకుండా ఇళ్ళకు వెళ్ళండి అంది, అంతే. ఇందిరాగాంధీ గారిని పొద్దున తొమ్మిది దాటాక ఢిల్లీలో కాల్చారు. ఆవిడ పోయారని మాత్రం ఆకాశవాణిలో సాయంత్రం గానీ చెప్పలేదు. ఆఫీసు నల్ల ఫోనుకు ముందే ఎలా తెలిసిందో ఏమో! పాతబస్తీ పిల్లల్ని మొదట పంపారు. చాచా ఇల్లూ అటే. అయినా చివరి పిల్లవాడు గేటు దాటేదాకా గేటు దగ్గరే ఉన్నాడు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను, చెయ్యి నొప్పెడుతోంది.

ఆఫీసు నుంచి ఎవరికైనా పిలుపొస్తే మా అందరికీ ఒకటే ప్రశ్న: బస్తాతోనా, బస్తా లేకుండానా? బస్తా అంటే మా పుస్తకాల సంచి. చాచా "ఖాలీ ఆవ్", వట్టి చేతులతో రా అన్నాడంటే ఇంటినుంచి టిఫిన్ బాక్స్ వచ్చిందనో, క్లర్కు పిలిచాడనో. "బస్తా లేకో ఆవ్", సంచి తీసుకుని రా అంటే మాత్రం క్లాసు చప్పబడిపోయేది. పక్కవాడు మాట్లాడకుండా నీ పుస్తకాలు సర్ది ఇచ్చేవాడు.

తొమ్మిదిలో ఉండగా ఒకరోజు మధ్యాహ్నం ఆ మాట నాకే వచ్చింది. వరండా చివరి గది అని చెప్పాను కదా, ఆఫీసు దాకా చాలా దూరం. ఏమైంది చాచా అని రెండుసార్లు అడిగాను. ఈసారి "మాలూం నై" కూడా అనలేదు. సగం దూరం వెళ్ళాక ఆగి, నా భుజం మీది బస్తా తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. మోకాలి నొప్పి మనిషి. అప్పుడు తెలిసింది నాకు, ఇంట్లో ఎవరో పోయారని. ఎవరన్నది మాత్రం ఆఫీసు ముందు స్కూటరు పట్టుకుని నిలబడ్డ మా మేనమామ చెప్పాడు. మా నాయనమ్మ.

మీ బడిలో పిల్లల్ని ఆఫీసుకు పిలవాలంటే ఏం చేస్తారు? స్పీకర్లో పేరు చదువుతారా, ఎవరైనా గది దాకా వస్తారా? కనుక్కుని ఈసారి ఫోన్లో చెప్పు. బస్సు రాకముందే చెయ్యి.

మీ అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది. వచ్చే వారం మీ బాబాయి అటు వస్తున్నాడు, పంపిస్తాను.

మీ నాన్న