అమ్మ పాదం నేలకి ఆనకుండా చూసిన అందరికీ

గురువారం అమ్మ కాలికి ఉన్న సిమెంట్ కట్టు ఆఖరిసారి కోశారు. లోపల పుండు లేదు. అరికాలిలో, బొటనవేలి మొదట్లో, అయిదు రూపాయల బిళ్ళంత గుంట ఉన్నచోట గులాబీ రంగులో పల్చటి కొత్త చర్మం వచ్చింది. అమ్మ అంత వంగి చూసుకోలేదు కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి చూపించాను. చాలాసేపు చూసి "ఇది నా కాలేనా" అంది.

ఈ నాలుగున్నర నెలల్లో మాకు సాయం చేసినవాళ్ళు చాలామంది ఈ చుట్టుపక్కలే ఉన్నారు. కొందరికి ఎదురుగా నిలబడి థాంక్స్ చెప్పే వీలు కూడా దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకే తెలుస్తుంది.

మేమెవరో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అమ్మ విద్యానగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. పొద్దున అయిదింటికి పొయ్యి ముందు నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకి గిన్నెలు కడిగేదాకా నిలబడే ఉంటుంది. షుగర్ వచ్చి 14 ఏళ్ళు. అరికాళ్ళు మొద్దుబారినట్టు ఉంటున్నాయని రెండు మూడేళ్ళుగా అంటూనే ఉంది. రోజంతా నిలబడితే అంతేలే అని మేం పట్టించుకోలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గుడికి వెళ్ళాం. బండలు పెనంలా కాలుతున్నాయి. నేను ఒక్క ప్రదక్షిణ కూడా చేయలేక తడిపిన గోనెపట్టా మీదకి పరుగెత్తాను. అమ్మ మాత్రం నిదానంగా, చేతులు జోడించుకుని, 11 ప్రదక్షిణలూ పూర్తి చేసింది. ఎంత భక్తి అనుకున్నాను. అమ్మకి ఆ వేడి తెలియనే లేదని నాకు అప్పుడు తట్టలేదు. రాత్రి చూస్తే అరికాలిలో పెద్ద బొబ్బ. మర్నాడు పొద్దున అయిదింటికి అదే కాలి మీద మళ్ళీ పొయ్యి ముందు నిలబడింది.

అయిదు వారాలు మేమే వైద్యం చేసుకున్నాం. పసుపు, కొబ్బరినూనె, ఎవరో చెప్పిన ఆకు పసరు, మందుల షాపులో అడిగి తెచ్చిన ఆయింట్‌మెంట్. నొప్పి లేదు కాబట్టి తగ్గుతోందనే అనుకున్నాం. వాసన మొదలయ్యాక ఒక ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ కట్టు విప్పి చూసిన పది నిమిషాల్లోనే, రెండు వేళ్ళు తీసేయాలి, ఇవాళే అడ్మిట్ అవ్వండి, డబ్బు కట్టండి అన్నారు. ఎముక దాకా చీము పాకితే, రక్తం ఆడకపోతే నిజంగానే తీయాల్సి వస్తుందని తర్వాత తెలిసింది. అలా తీయించుకుని ప్రాణం దక్కించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆ నిర్ణయం తప్పని నేను అనను. కానీ ఆ రోజు మా అమ్మ కాలికి ఎక్స్‌రే కూడా తీయలేదు.

ఆ రాత్రి అమ్మని వెనక్కి తీసుకొచ్చింది మా వీధి ఆటో భాయ్. నేను ఏడుస్తుంటే అద్దంలో చూసి, "మా నాన్నకి కూడా ఇదే అయింది మేడమ్, రేపు పొద్దున నేను చెప్పిన చోటికి రండి" అన్నాడు. మర్నాడు ఆరున్నరకే వచ్చి, సర్కారు ఆసుపత్రిలో ఓపీ లైన్‌లో మా కోసం తనే నిలబడ్డాడు. భాయ్, ముందు మీకే చెప్పాలి. మీరు ఆ రోజు అద్దంలో చూసి ఊరుకుని ఉంటే మా అమ్మకి ఆ రెండు వేళ్ళు ఉండేవి కావు.

అక్కడి డాక్టర్ గారు అమ్మని అడిగిన మొదటి ప్రశ్న షుగర్ ఎంత అని కాదు. "అమ్మా, మీరు రోజుకి ఎన్ని గంటలు నిలబడతారు?" అని. అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అది అడగలేదు. సన్నటి నైలాన్ దారం లాంటిది అరికాలి మీద ఒక్కోచోట ఆనించి, తెలిసినప్పుడు చెప్పమన్నారు. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. దారం వంగుతోంది, మళ్ళీ వంగుతోంది, అమ్మ మాట్లాడటం లేదు. ఆ దారం 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారు చేస్తారట. అది కూడా తెలియని పాదంలో రాయి గుచ్చుకున్నా, బండ కాల్చినా కబురు పైకి వెళ్ళదు. అమ్మ భక్తి అని నేను మురిసిపోయింది దీన్ని చూసే. ఆ గదిలో నాకు గొంతు పూడుకుపోయింది.

తర్వాత స్టీలు కడ్డీతో పుండు లోతు చూశారు, ఎముక తగల్లేదు. ఎక్స్‌రే బాగుంది. డాప్లర్‌లో కాలికి రక్తం బాగానే అందుతోందని తేలింది. పుండు చుట్టూ గట్టిపడ్డ ఆనెకాయ చర్మాన్ని, లోపల చచ్చిన కండని బ్లేడుతో తీసేశారు. అమ్మకి నొప్పే లేదు. ఏ క్రిమి ఉందో తెలుసుకోవడానికి చీముని కల్చర్ పరీక్షకి పంపి రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మూడు నెలల షుగర్ పరీక్ష 10.8 వచ్చింది, ఇన్సులిన్ మొదలైంది.

ఇన్ఫెక్షన్ తగ్గాక అసలు వైద్యం చెప్పారు. మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా కాలికి అతుక్కుపోయినట్టు ఉండే సిమెంట్ కట్టు. విరిగిన ఎముకకి వేసే కట్టు పుండుకి ఎందుకు సార్ అని అడిగాను. అడుగు వేసిన ప్రతిసారీ శరీరం బరువంతా ఆ ఒక్క చోట పడి, రాత్రి మొలిచిన కొత్త కండని పొద్దున నలిపేస్తోంది, ఈ కట్టు ఆ బరువుని పాదమంతటికీ, పిక్కకీ పంచుతుంది అని బొమ్మ గీసి చూపించారు. ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తం సరిగా ఆడకపోయినా ఇది వేయకూడదట, ముందు అన్ని పరీక్షలు చేసింది అందుకేనట.

ఇది మొదట కుష్టువ్యాధి వచ్చినవాళ్ళ అరికాలి పుళ్ళకి వాడిన పద్ధతి అని కూడా చెప్పారు. వాళ్ళ పాదాలు పాడయ్యేది రోగం తినేయడం వల్ల కాదని, నొప్పి తెలియకపోవడం వల్లేనని వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ గట్టిగా నిరూపించారట. ఆయన 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్టు ఆసుపత్రికి వెళ్ళాక ఇదే పద్ధతి అక్కడి షుగర్ పేషెంట్లకీ అందింది. ఓపీలో వందమంది ఎదురుచూస్తుంటే ఒక కర్రీ పాయింట్ ఆవిడకి ఇదంతా కూర్చోబెట్టి చెప్పిన డాక్టర్ గారికి మా కుటుంబమంతా రుణపడి ఉంది. కారణం తెలిసింది కాబట్టే అమ్మ 11 వారాలు ఆ కట్టుని భరించింది.

నేను అందరిలాగే రోజుకో కొత్త మందు గురించి చదివి ఆయన్ని విసిగించాను. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారుచేసే రీజెన్-డి జెల్ గురించి అడిగాను. కణాలు పెరగడానికి శరీరమే వాడే ఒక ప్రొటీన్ అందులో ఉంటుందట. స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అంటించి, మెషీన్‌తో నీరు లాగే వ్యాక్ గురించి అడిగాను. స్కిన్ గ్రాఫ్ట్ గురించి అడిగాను. దేని సమయం దానికి ఉంది, అవసరమైతే వాడదాం, కానీ బరువు తీయకుండా ఏది పెట్టినా డబ్బు వృథా అన్నారు. అమ్మకి అవేవీ అవసరం పడలేదు.

అందరి పుండుకీ ఒకటే కట్టు కాదని కూడా అక్కడే చూశాను. డ్రెస్సింగ్ గది బయట బెంచీ మీద రోజూ ఒక హోటల్ వంట మాస్టారు కూర్చునేవారు. ఆయనకి చీలమండ పైన పుండు, ఉబ్బిన సిరల వల్ల వచ్చింది. రక్తం బాగా ఆడుతోందని చూసుకున్నాక, ఆయనకి పాదం నుంచి మోకాలి దాకా పొరలు పొరలుగా బిగుతు కట్టు కట్టి, నడవమని, కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తి పెట్టుకోమని చెప్పారు. మా అమ్మకేమో నడవొద్దని. దయచేసి ఒకరి పుండుకి చెప్పిన వైద్యం ఇంకొకరికి చెప్పకండి.

ఆ గదిలోని సిస్టర్ గారి గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి కట్టు మూడు రోజులకే మార్చారు, వాపు దిగి వదులైతే అదే రాసుకుని కొత్త పుండు చేస్తుందని. తర్వాత వారం వారం. జ్వరం వచ్చినా, వాసన వచ్చినా, కట్టు వదులైనా ఆదివారమైనా సరే రమ్మని తన నంబర్ ఇచ్చారు. ఏడో వారంలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా పది ప్రశ్నలు అడిగి, ఏమీ లేదు పడుకోండి అన్నారు. సిస్టర్, ఆ రాత్రి మాకు నిజంగానే నిద్ర పట్టింది.

అయితే డాక్టర్ గారు చెప్పినంత సులువా, నిలబడకుండా ఉండటం? కర్రీ పాయింట్ మూసేస్తే ఇల్లు గడవదు. నాకు ఉద్యోగం ఉంది. అప్పుడే పక్కింటి పిన్ని వచ్చి, "అక్కా, నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు, నేను చేస్తా" అంది. 11 వారాలు. పొద్దున అయిదింటికి. అమ్మ ఉప్పు ఎంతో చెబుతుంటే పిన్ని గరిటె తిప్పింది. జీతం అనబోతే కోప్పడింది. రెండో అంతస్తు మెట్లు ఎక్కకూడదని ఇంటి ఓనర్ ఆంటీ కింద గది ఖాళీ చేసి ఇచ్చారు, అద్దె పెంచలేదు. పొయ్యి మంట ఎక్కువై రెండుసార్లు వంకాయ కూర మాడిపోయినా మారు మాట్లాడకుండా కొనుక్కెళ్ళిన హాస్టల్ పిల్లలకి కూడా థాంక్స్, అమ్మ మిమ్మల్ని ప్రత్యేకంగా రాయమంది.

ఇక ఒక్కరు మిగిలారు. పుండు మానినా స్పర్శ తిరిగి రాదు. మానినవాళ్ళలో దాదాపు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్ళీ వస్తుందట. కాబట్టి మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బర్ చెప్పులు, అంటే ఎంసీఆర్ చెప్పులు, ఇంట్లో కూడా వేసుకోవాలన్నారు. అమ్మ మొదట ఒప్పుకోలేదు. కుష్టు ఆసుపత్రుల్లో ఇచ్చే చెప్పులని ఎవరో అన్న మాట మనసులో పడింది. అంతకంటే పెద్ద బాధ దేవుడి గది. చెప్పులతో దీపం ఎలా పెట్టను అని ఏడ్చింది. ఆ చెప్పులు కుట్టే పెద్దాయనకి ఈ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా కొలత తీసుకుని, వారం తర్వాత రెండు జతలు ఇచ్చాడు. ఒకటి బయటికి. ఇంకొకటి తోలు ముక్క కూడా లేకుండా, రబ్బరు మీద గుడ్డ పట్టీలతో, "ఇది దేవుడి దగ్గరికమ్మా, బయట తొడగొద్దు" అని. డబ్బు ఒక జతకే తీసుకున్నాడు.

శుక్రవారం పొద్దున అమ్మ ఆ జత వేసుకుని దీపం పెట్టింది.

వచ్చే ఆదివారం కర్రీ పాయింట్‌కి సెలవు. ఇక్కడ నేను చెప్పుకున్న ప్రతి ఒక్కరూ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రావాలి. పిన్నీ, ఆ రోజు నువ్వు గరిటె ముట్టుకోకూడదు. అమ్మకి ఎత్తు స్టూలు కొన్నాం, కూర్చునే వండుతుంది. భాయ్, మీ నాన్నగారిని కూడా తీసుకురండి.