మొదటి ప్రయాణంలో ఇక పాయింట్ ఉండదు: ఈ సీజన్ మార్పులు

మా దగ్గర ఈత నేర్చుకుని మాతో సముద్రానికి వచ్చినవాళ్లకూ, ఈ ఏడాదికి పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్లకూ నమస్కారం.

అసలు విషయం ముందే చెబుతాను. హనుమకొండ నుంచి బయలుదేరే మా సర్ఫింగ్ ప్రయాణాల్లో, మొదటిసారి వచ్చేవాళ్లను జూన్ నుంచి పాయింట్‌కు, అంటే రాళ్లు సముద్రంలోకి చొచ్చుకుపోయి పొడవాటి కెరటం విరిగే చోటికి, తీసుకెళ్లం. కోవళం పాయింట్ అయినా అంతే, మహాబలిపురంలో తీర దేవాలయం పక్కనున్న పాయింట్ అయినా అంతే. వాళ్లకు ఇసుక తీరంలోనే నేర్పుతాం. బృందంలో ఇకపై పన్నెండు మందికి బదులు ఆరుగురే ఉంటారు. రుసుము 9,500 రూపాయల నుంచి 12,500కు పెరుగుతుంది. ఈత పరీక్షలో నెగ్గనివారికి టికెట్ తీయం. ఈ మాట తెలిశాక కొందరు అడ్వాన్సు వెనక్కి అడిగారు, ఇచ్చేశాం. మిగిలినవాళ్లు డబ్బు కట్టే ముందు కారణాలు పూర్తిగా తెలుసుకోవాలి.

నేను చెబుతున్న కోవళం కేరళలోది కాదు. చెన్నైకి దక్షిణాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలర్ల ఊరు. ఇంకొంచెం ముందుకు వెళితే మహాబలిపురం. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు అక్కడే జరిగాయి. వాటిలో మన దేశానికి చెందిన రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. అప్పటినుంచి మాకు వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న ఒకటే: ‘పాయింట్‌కు తీసుకెళ్తారా?’ టీవీలో చూసిన ఆ పొడవాటి కెరటం మీద తామూ నిలబడాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. సముద్రం లేని ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ ఆశ ఇంకా ఎక్కువ. నాకూ అంతే. అయితే ఆ కెరటం అక్కడికి ఎలా వస్తుందో తెలిస్తే, మొదటి రోజే దాని మీదికి ఎందుకు పంపనో కూడా తెలుస్తుంది.

కోవళంలో ఎక్కే మంచి కెరటం అక్కడి గాలికి పుట్టింది కాదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో, 40, 50 డిగ్రీల అక్షాంశాల మధ్య వీచే పెనుగాలులకు పుడుతుంది. రెండు శిఖరాల మధ్య పద్నాలుగు సెకన్ల వ్యవధి ఉన్న అలల గుంపు లోతైన నీటిలో గంటకు దాదాపు 40 కిలోమీటర్ల చొప్పున సాగుతుంది. ఆరు వేల కిలోమీటర్లు దాటి మన వైపు రావడానికి ఆరేడు రోజులు పడుతుంది. అంటే గురువారం పొద్దున మీరు ఎక్కే కెరటం అంతకు ముందు వారంలో ఎక్కడో మంచు సముద్రాల అంచున బయలుదేరిందన్నమాట. నేరుగా దక్షిణం నుంచి వచ్చేదాన్ని శ్రీలంక చాలావరకు అడ్డుకుంటుంది. ఆ ద్వీపానికి తూర్పుగా దాటి, ఆగ్నేయం వైపు నుంచి వచ్చిందే చెన్నై తీరానికి దక్కుతుంది. అందుకే అక్కడ మంచి అలలు రోజూ ఉండవు. ఉన్న రోజున అందరూ ఒకే చోట చేరతారు.

ఇక పాయింట్ సంగతి. రాళ్లు ఒడ్డు నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట, అలకు ఒక కొస నేల తగిలి నెమ్మదిస్తుంది. లోతులో ఉన్న కొస అదే వేగంతో ముందుకు పోతుంది. దాంతో అల మొత్తం రాళ్ల చుట్టూ వంగుతుంది. వంగిన అల ఒక్కసారిగా కూలదు. మన కొత్తవాడ జంపఖానా చుట్టను ఒక కొస పట్టుకుని పరిచినట్టు, ఒక చివర మొదలై వరసగా విరుగుతూ పోతుంది. ఆ విరిగే అంచుకు కొంచెం ముందుగా, ఇంకా విరగని నున్నటి గోడ మీద సర్ఫర్ జారుతూ పోతాడు. ఈ తీరంలో అది దక్షిణం నుంచి ఉత్తరానికి విరుగుతుంది. ఒడ్డు వైపు తిరిగి అల ఎక్కేవారికి అది కుడిచేతి వైపు. ఇసుక తీరంలో అలలు ఒకరోజు ఇక్కడ, మరోరోజు అక్కడ విరుగుతాయి, ఎందుకంటే అడుగున ఇసుక కదులుతూ ఉంటుంది. పాయింట్ దగ్గర రాయి కదలదు కాబట్టి అల ప్రతిసారీ దాదాపు అదే చోట లేస్తుంది. నేర్చినవారికి ఇంతకంటే కావలసింది లేదు. నేర్వనివారికి ప్రమాదమూ అక్కడే ఉంది.

మొదటి ప్రమాదం లోతు. అల ఎత్తు ఎంతో, దానికి సుమారు ఒకటింబావు రెట్ల లోతులో అది విరుగుతుంది. మీటరు ఎత్తు కెరటం విరిగే చోట నీరు మీటరు పైన ఇంకో జానెడు, అంతే. ఇసుక మీద అయితే ఆ లోతులో పడినా లేచి నవ్వుకుంటాం. పాయింట్ దగ్గర అడుగున పదునైన గుల్లలు పట్టిన రాళ్లుంటాయి. ఆ తీరంలో ఆటుపోట్ల తేడా సుమారు ఒక మీటరే. అయినా పొద్దున మునిగి ఉన్న రాయి మధ్యాహ్నానికి పైకి తేలడానికి అది చాలు.

రెండోది వరస. ఇది మన ఊరివాళ్లకు చెప్పి ఒప్పించడమే నాకు అన్నిటికంటే కష్టం. విరిగే అంచుకు ఎవరు దగ్గరగా ఉంటే కెరటం వారిది. ఒక కెరటానికి ఒక్కరే. ఒకరు లేచి నిలబడ్డాక వారి ముందు నుంచి మరొకరు అల ఎక్కకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు అలలు విరిగే దారికి అడ్డంగా వెళ్లకూడదు, పక్కనున్న లోతు నీటి మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. ఎదురుగా ఎవరైనా జారుతూ వస్తుంటే, మనకు నురగ దెబ్బ తగిలినా సరే, వాళ్ల వెనక వైపుకే తప్పుకోవాలి. రాసి పెట్టి ఉన్నా లేకపోయినా సర్ఫింగ్ ఉన్న ప్రతి తీరంలోనూ ఈ పద్ధతి పాటిస్తారు. డబ్బు కట్టాం కాబట్టి ఒక కెరటం మాకూ రావాలనే మాటకు అక్కడ చోటు లేదు.

కిందటి జూలైలో కోవళంలో చూసిన ఒక సంగతి చెబుతాను. ఆ ఉదయం పాయింట్ దగ్గర పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. ఒక నగరం నుంచి ఎవరో తీసుకొచ్చిన బృందంలో సగం మందికి బోర్డు మీద లేచి నిలబడటమే రాదు. ఆ ఊరి అమ్మాయి, పదహారేళ్లుంటాయేమో, వరసలో చాలాసేపు ఆగి, గుంపుగా వచ్చిన అలల్లో మూడోది ఎంచుకుని లేచింది. చక్కగా వస్తోంది. ఆ బృందంలో ఒకతను తొమ్మిది అడుగుల బోర్డుతో సరిగ్గా ఆమెకు ఎదురుగా తిరిగాడు. అతన్ని గుద్దకుండా ఉండటానికి ఆమె రాళ్ల వైపు తిరిగి పడిపోయింది. లేచి చూస్తే మోకాలి కింద చర్మం గీరుకుపోయి ఉంది, బోర్డు అడుగున ఉన్న రెక్క విరిగింది. నడుం లోతు నీళ్లలో నిలబడి ఆమె మొదట అడిగిన మాట, అతనికేమైనా తగిలిందా అని. అతన్ని తీసుకొచ్చినవారు ఆ సమయానికి ఒడ్డు మీద వీడియో తీస్తున్నారు.

ఆ అమ్మాయిలాంటి పిల్లలు అక్కడ సర్ఫింగ్ నేర్చుకున్న తీరు వేరు. కోవళంలో ఈ ఆటకు పునాది వేసిన మూర్తి మేఘవన్ జాలరి కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆయన చుట్టూ ఎదిగిన పిల్లల్లో చాలామంది తండ్రులు ఇప్పటికీ తెల్లవారకముందే ఫైబర్ పడవలు తోసుకుని వేటకు వెళతారు. పాయింట్ వాళ్ల ఆటస్థలం, వాళ్ల బతుకుదెరువు. మేం హనుమకొండ నుంచి వెళ్లి వాళ్ల వరసలోకి పన్నెండు మంది కొత్తవాళ్లను దింపడం నాకు సమ్మతం కాదు. వాళ్లు ఏమీ అనకపోయినా సమ్మతం కాదు.

మొదటి ప్రయాణంలో ఏం చేస్తామో చెప్పాలి కదా. తెల్లవారగానే, నేల మీది గాలి ఇంకా సముద్రం వైపు వీస్తుండగా, నడుం లోతు ఇసుక తీరంలో మెత్తటి నురుగు బోర్డులతో మొదలుపెడతాం. విరిగిన అల తాలూకు నురగ ఒడ్డుకు తోస్తుంటే దాని మీద లేవడం నేర్పుతాం. అంతకంటే ముందు పడటం నేర్పుతాం: తలకిందులుగా దూకకూడదు, వెల్లకిలా పరుచుకుని పడాలి, పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తల చుట్టూ ఉండాలి, బోర్డును ఎప్పుడూ మనకూ అలకూ మధ్య ఉంచకూడదు. మొదటి రోజు ఇంతే. చాలామందికి రెండో రోజు కాళ్ల మీద నిలబడటం వస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలై అలలు చెదిరిపోతాయి కాబట్టి నీళ్లలోకి దిగం. భోజనం చేసి, పాయింట్ ఎదురుగా ఒడ్డు మీద కూర్చోబెట్టి, ఎవరు ఏ అల వదిలేస్తున్నారో చూడమంటాను. ఏది ఎక్కారో చూడటం తేలిక, ఏది వదిలారో చూడటం అలవాటు కావాలి.

ఈత పరీక్ష గురించి చాలామంది నొచ్చుకున్నారు. ‘మా నాన్న నన్ను చిన్నప్పుడే బెండు కట్టి బావిలో దింపాడు, నాకు పరీక్ష ఏమిటి?’ అని ఒకరు అడిగారు. నిజమే, బావిలో, చెరువులో నేర్చినవారికి లోతంటే భయం ఉండదు, అది పెద్ద బలం. కానీ వాళ్లు తల పైకెత్తి ఈదుతారు, త్వరగా అలసిపోతారు. కొలనులో నేర్చినవారి ఈత అందంగా ఉంటుంది, కానీ పాతిక మీటర్లకోసారి గోడ దొరకడం అలవాటు. సముద్రంలో గోడ లేదు. కాలికి కట్టిన తాడు తెగితే బోర్డు కూడా లేదు. అందుకే ఆగకుండా 200 మీటర్ల ఈత, ఏమీ పట్టుకోకుండా పది నిమిషాల నిలువు ఈత. నెగ్గలేకపోతే మళ్లీ రండి, మరోసారి పరీక్షకు డబ్బు తీసుకోం. నిట్‌లో చదివే పిల్లలైనా, యాభై దాటిన పెద్దవారైనా పరీక్ష ఒకటే.

తేదీల విషయంలో మీ సహకారం కావాలి. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు. అల సంగతి వారం ముందు గాని తెలియదు. ఈ రెండింటినీ కలపడానికి నాకు దొరికిన మార్గం ఇది: వారాంతాలు మానేసి, మంగళవారం రాత్రి వరంగల్ స్టేషన్‌లో ఎక్కి, శనివారం ఉదయానికి తిరిగి వచ్చేలా టికెట్లు తీస్తాం. పాయింట్ దగ్గరే కాదు, ఇసుక తీరంలోనూ మధ్యవారంలో జనం పలచగా ఉంటారు. బయలుదేరే ముందు ఇన్‌కాయిస్ వారి సముద్ర సూచనలు చూస్తాను. ఈ సంస్థ ఉన్నది మన హైదరాబాదులోనే, ప్రగతి నగర్‌లో. దేశం మొత్తం తీరానికి అలల అంచనాలు, ఎత్తైన అలల హెచ్చరికలు ఇచ్చేది వీరే. జాలర్ల కోసం ఇచ్చే ఆ సమాచారం ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, మీరూ చూడండి. హెచ్చరిక ఉంటే ప్రయాణం రద్దు. అప్పుడు రైల్వే కోసుకున్నది పోగా మిగిలినదంతా తిరిగి ఇస్తాం, లేదా తర్వాతి బృందంలో చోటు ఇస్తాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో సముద్రం గజిబిజిగా ఉంటుంది, తుఫాన్ల భయం ఉంటుంది. ఆ మూడు నెలలూ ఎవరు అడిగినా వెళ్లం.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెబుతున్నాను. పెరిగిన మూడు వేలలో ఎక్కువ భాగం అక్కడి శిక్షకులకు వెళుతుంది. ఇదివరకు ఆరుగురికి ఒకరు ఉండేవారు, ఇకపై ముగ్గురికి ఒకరు. వాళ్లు ఆ ఊరివాళ్లే. బృందం సగం అయింది కాబట్టి గది అద్దె, కారు ఖర్చు తలకు ఎక్కువ పడతాయి. నాకు మిగిలేది ప్రతి ప్రయాణానికీ తగ్గింది. ఈ సీజన్ గడవడానికి ఇక్కడి ఈత తరగతుల మీద ఆధారపడతాను. 7,000కే పాయింట్ గ్యారంటీ అని ప్రకటించేవారు ఉన్నారు, వాళ్లతో ధరలో పోటీ పడను.

విశాఖ ఎందుకు వెళ్లరని అడిగేవారికి: ఋషికొండ ఇసుక తీరం బాగుంటుంది. వచ్చే ఏడాది ఆలోచిస్తాం.

ఇప్పటికే మాతో వచ్చి ఇసుక తీరంలో పని పూర్తి చేసినవారికి పాయింట్ తలుపు తెరిచే ఉంది. పచ్చని, ఇంకా విరగని అలను ఎవరి సాయం లేకుండా పట్టుకుని, కుడివైపు తిరిగి, కావలసిన చోట ఆగగలిగితే చాలు. అప్పుడు ఇద్దరిద్దరిగా, స్థానిక శిక్షకుడు పక్కనుండగా, చిన్న అలలున్న రోజున తీసుకెళతాను. మొదటి గంట కెరటం కోరకుండా వరస అంచున కూర్చోవాలి. ఈ ప్రయాణానికి రుసుము 14,000.

జూన్, జూలై బృందాలకు ఈత పరీక్ష ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి మా కొలను దగ్గరే. వచ్చేటప్పుడు తువ్వాలు, మార్చుకునే బట్టలు తెచ్చుకోండి. ఉంగరాలు, గొలుసులు ఇంట్లో పెట్టి రండి. ఉబ్బసం, మూర్ఛ, భుజం జారడం లాంటివి ఉంటే పరీక్షకు ముందే నాకు విడిగా చెప్పండి, ఎవరికీ చెప్పను. పాత ధరకు అడ్వాన్సు కట్టినవారి దగ్గర తేడా వసూలు చేయం. కొత్త పద్ధతి వద్దనుకుంటే ఈ నెలాఖరులోగా ఫోన్ చేయండి, కట్టింది మొత్తం అదే రోజు మీ ఖాతాలో వేస్తాం.