విమాన శబ్దం కేసు: ఆగస్టు నుంచి మార్చి వరకు జమా ఖర్చుల వివరణ

కాలనీ వాసులందరికీ నమస్కారం.

రాత్రి విమానాల మోత మీద ఏదో ఒకటి చేయాలని గత ఆగస్టులో అందరం కలిసి అనుకున్న దగ్గర్నుంచి మార్చి 31 వరకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు కింద ఇస్తున్నాం. ఇది ఉగాదికే ఇవ్వాల్సిందని కొందరన్నారు. శబ్దం కొలిచిన ల్యాబ్ చివరి బిల్లు మార్చి 28న చేతికొచ్చింది. అది లేకుండా లెక్క చెబితే అసలు ఖర్చు దాచారనేవాళ్లు.

జమ:

ఇంటికి 1,000 చొప్పున 143 ఇళ్లు: 1,43,000
విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇక్కడి తమ ఖాతాల నుంచి పంపినవి: 62,000
వినాయక చవితి ఖాతా నుంచి చేబదులు: 11,500
బ్యాంకు వడ్డీ: 640
మొత్తం: 2,17,140 రూపాయలు

ఇచ్చినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పెన్షన్ డబ్బుల్లోంచి అడగకముందే తెచ్చి ఇచ్చిన మూడో వీధి పెద్దావిడకు మరీ ముఖ్యంగా. సంతకం పెట్టి ఇంకా ఇవ్వని ఇళ్లు 31. మైకులో 25,000 ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్న పెద్దమనిషి దగ్గరకు కోశాధికారి గారు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు. పేర్లు రాయడం మాకు ఇష్టం లేదు.

ఖర్చు:

కరపత్రాలు, ఫ్లెక్సీ, జిరాక్సులు: 8,760
రెండు మీటింగులకు టెంటు, కుర్చీలు, టీ: 6,300
నాలుగు సమాచార హక్కు దరఖాస్తులు, ఒక్కోటి 10 రూపాయలు, రిజిస్టర్డ్ పోస్టుతో కలిపి: 520
చెన్నై ప్రయాణం, ఇద్దరికి: 7,920. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ అక్కడే ఉంది కాబట్టి వెళ్లక తప్పలేదు. వెంట వచ్చిన మూడో ఆయన సొంత పని మీద వచ్చారు, ఆయన టికెట్ ఇందులో లేదు.
లాయరు గారికి కాగితాలు చూసి పిటిషన్ డ్రాఫ్ట్ చేసినందుకు: 35,000
శబ్ద సర్వే, 1,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ: 1,18,000

అందరూ అడుగుతున్నది ఈ ఆఖరి లైను గురించే. ఫోన్లో యాప్ ఉచితంగా వస్తుంటే లక్షా పద్దెనిమిది వేలు ఎందుకన్నారు. ఫోన్ మైకు మాట కోసం తయారైంది. పెద్ద శబ్దాన్ని దానంతట అదే తగ్గించుకుంటుంది, ఒక ఫోన్ చూపిన అంకె ఇంకో ఫోన్ చూపదు. ట్రిబ్యునల్‌లో మొదటి ప్రశ్నే పరికరం ఏ క్లాసుది, కొలత సరిగ్గా చూపుతుందనే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏదీ అని. ఈ ల్యాబ్ ఎక్కువ కచ్చితత్వం ఉన్న క్లాస్ 1 మీటరు పెట్టింది, ప్రతి రాత్రీ కొలతకు ముందూ తర్వాతా 94 డెసిబెల్స్ శబ్దం ఇచ్చే కాలిబ్రేటర్‌తో సరిచూసింది. మూడు కొటేషన్లు తీసుకున్నాం: 1,65,000, 1,18,000, 42,000. తక్కువ కోట్ చేసినవాళ్లకు ల్యాబ్‌లకు ఇచ్చే జాతీయ గుర్తింపు, ఎన్ఏబీఎల్, లేదు. ఆ రిపోర్టు పట్టుకెళ్తే 42,000 కూడా దండగే.

కార్యదర్శి గారి తోడల్లుడిది ఆ ల్యాబ్ అన్న మాట కూడా మా చెవిన పడింది. ఆయన పనిచేసేది వేరే ఊళ్లో, మంచినీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అక్టోబరులో సగం అడ్వాన్సు 59,000 ఇచ్చి ఫిబ్రవరి దాకా ఏం చేశారన్నది రెండో ప్రశ్న. దీపావళి టపాసుల్లో మీటరు పెడితే ఎవరి శబ్దం కొలిచినట్టు? తర్వాత కార్తీక మాసం మైకులు, పెళ్లిళ్ల డీజేలు, సంక్రాంతికి సగం కాలనీ ఊళ్లకు వెళ్లడం. వానాకాలంలోనే చేయించాల్సిందని ఒకాయన అన్నారు, అందులో కొంత న్యాయం ఉంది. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. మనం రన్‌వేలకు తూర్పున ఉన్నాం. వానాకాలపు పడమటి గాలికి దిగే విమానాలు మన మీదుగా వస్తాయి, చలికాలపు తూర్పు గాలికి లేచేవి మన మీదుగా పోతాయి. కానీ వాన పడుతుంటే కొలత చెల్లదు, డాబా మీద చినుకుల చప్పుడే మీటరులోకి ఎక్కుతుంది. అందుకే పొడి రాత్రుల కోసం ఆగాం.

అసలు తగువు రిపోర్టు వచ్చాక మొదలైంది. అయిదు డాబాల మీద ఏడు రాత్రులు కొలిస్తే, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సగటు 58 నుంచి 62 డెసిబెల్స్ మధ్య తేలింది. కేంద్రం 2018లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం ఏడాదికి 50,000కు పైగా రాకపోకలున్న విమానాశ్రయాల శబ్ద మండలంలో (విమానాశ్రయం చుట్టూ గీత గీసి గుర్తించే ప్రాంతంలో) పగలు 70, రాత్రి 65 దాకా ఉండవచ్చు. అంటే లెక్క ప్రకారం విమానాలు పాసయ్యాయి. డబ్బిచ్చి మన మీద మనమే సాక్ష్యం కొనుక్కున్నామని, రిపోర్టును బీరువాలో పెట్టేయమని చాలామంది సలహా ఇచ్చారు. ఒక కాగితం దాచామని తేలితే మిగతా కాగితాలను కూడా నమ్మరని లాయరు గారు చెప్పారు. మాకూ అదే సబబనిపించింది.

పైగా ఆ రిపోర్టు మనకు పనికొస్తుంది. ఆ 65 పరిమితి శబ్ద మండలం లోపల ఉన్నవాళ్లకే. మండలం బయట నివాస ప్రాంతమైతే 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం రాత్రి పరిమితి 45. అప్పుడు మన అయిదు డాబాలూ హద్దు దాటినట్టే. మరి మన కాలనీ గీత లోపలా, బయటా? మ్యాపు ఇమ్మని సమాచార హక్కు కింద అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయం పేరు చెప్పింది. మొదటి అప్పీలు వేశాం, దానికి ఫీజు లేదు.

ఇక సగటు సంగతి. ఎనిమిది గంటల్లో అంతా కలిపి ఆరేడు నిమిషాలు 78 డెసిబెల్స్ మోగి, మిగతా రాత్రంతా ప్రశాంతంగా ఉన్నా సగటు 60 దగ్గరే ఆగుతుంది. నిద్ర చెడగొట్టేది ఆ ఆరేడు నిమిషాలు. ఒక్కో విమానం ఎన్ని గంటలకు ఎంత మోగిందో నిమిషం వారీగా రిపోర్టు అనుబంధంలో ఉంది. 42,000 కొటేషన్‌లో అది లేదు.

రాత్రి విమానాలు పూర్తిగా ఆపమని ఎందుకు అడగడం లేదని సిడ్నీ నుంచి మన రెండో వీధి అమ్మాయి రాసింది. అక్కడ రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా ఆంక్షలకు 1995లో పార్లమెంటే చట్టం చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 11 నుంచి 5 దాకా నిషేధం 2011లో కోర్టు ద్వారా వచ్చింది. లండన్ హీత్రూలో మాత్రం పూర్తిగా ఆపలేదు, ఏడాదికి 5,800 రాత్రి విమానాలని కోటా పెట్టారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అంతర్జాతీయ పద్ధతిలో కూడా నిషేధాన్ని ముందుగా అడగరు. నిశ్శబ్దమైన ఇంజన్లు, భూ వినియోగం, దిగే తీరులో మార్పులు చూశాకే ఆంక్షలు. అందుకే పిటిషన్‌లో మూడే అడుగుతున్నాం: రాత్రి వేళ రెండు రన్‌వేలనూ వంతులవారీగా వాడాలి, మన వైపు శాశ్వత మీటరు పెట్టాలి, శబ్ద మండలం మ్యాపు బయటపెట్టాలి. (చందా పంపిన పిల్లల్లో చాలామంది సెలవులకు దిగేది తెల్లవారుజాము 3 గంటల విమానాల్లోనే. ఆ సంగతి మీటింగులో ఎవరూ ఎత్తలేదు.)

మొత్తం ఖర్చు: 1,76,500
నిల్వ: 40,640. బ్యాంకులో 38,900, కోశాధికారి గారి చేతిలో 1,740.

ఇందులోంచి చవితి కమిటీకి 11,500 ముందుగా తిరిగి ఇచ్చేస్తాం, వాళ్లు ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు. మిగిలే 29,140లో ట్రిబ్యునల్ దరఖాస్తు ఫీజు 1,000. మిగతాది విచారణలకు లాయరు గారి రాకపోకలకు. నాలుగైదు వాయిదాలకు మించి సరిపోదు, కాబట్టి ఆ 31 ఇళ్లవాళ్లు ఈ నెల 15లోపు ఇస్తే మళ్లీ ఇంటింటికీ తిరిగే పని తప్పుతుంది. బిల్లులు, ఓచర్లు, సర్వే రిపోర్టు వచ్చే ఆదివారం ఉదయం 10 నుంచి 1 దాకా కమ్యూనిటీ హాల్లో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. రిపోర్టు ఒకటే కాపీ, ఇంటికి ఇవ్వలేం.