ఒరేయ్ బుజ్జీ, జీపు స్టార్టయింది!

రాజమండ్రి,
ఆదివారం, తెల్లారి ఐదున్నర

ఒరేయ్ బుజ్జీ,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఆషాఢంలో జవాబు రాస్తున్నాను. నీకు కోపం వచ్చే ఉంటుంది, రావాలి కూడా. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో వదిలేశాను. ఆ కాగితాల నిండా గ్రీజు మరకలే. ఎందుకో చెప్తా, కాస్త ఓపిక పట్టు.

ముందు ఇంటి కబుర్లు గబగబా. అమ్మకి రెండో కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది, బాగుంది. చిన్నది ఇంటర్‌లో చేరింది, ఎంపీసీయే తీసుకుంది. మొన్నటి గాలివానకి దొడ్లో కొబ్బరిచెట్టు పడింది. అదృష్టం బాగుండి పాక మీద పడలేదు. పాక మీద పడి ఉంటే నేనేమైపోయేవాణ్ణో, ఎందుకంటే ఆ పాకలోనే... ఇంక ఆగడం నా వల్ల కాదు.

మీ మావయ్య జీపు స్టార్టయిందిరా!

అదే, గోకవరంలో గడ్డివాము పక్కన 11 ఏళ్లు కోళ్లకి ఇల్లై కూర్చున్న మన నుదురు మాస్టారు. గురువారం సాయంత్రం ఆరూ పదికి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

నుదురు మాస్టారని పేరు పెట్టింది నువ్వే. కానీ ఆ నుదురు, అంటే బానెట్, అంత ఎత్తు ఎందుకుందో మనిద్దరికీ తెలీదు. ఇప్పుడు తెలిసింది. రెండో ప్రపంచయుద్ధ కాలం నాటి అమెరికా విల్లీస్ కంపెనీ జీపుకి బానెట్ చదునుగా ఉండేది. అందులో 60 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజను, గాలికీ పొగకీ దారి తెరిచి మూసే వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే, అంటే ఇంజను మొండెంలోనే. దాన్ని తయారుచేసిన బార్నీ రూస్ అసలు 48 గుర్రాల పాత విల్లీస్ ఇంజన్ని తీసుకుని, మెరుగుపెట్టి 60కి తెచ్చాడట. తర్వాత అదే బ్లాకు మీద, గాలి లోపలికొచ్చే వాల్వుల్ని మాత్రం హెడ్డులోకి, అంటే బ్లాకు మీద మూతలా కూర్చునే భాగంలోకి, ఎక్కించి 72కి తెచ్చారు. పొగ బయటికెళ్లేవి బ్లాకులోనే ఉండిపోయాయి. సగం కింద, సగం పైన. దాంతో ఇంజను ఎత్తు పెరిగింది, 1953లో సీజే-3బీ అనే మోడల్ వచ్చేసరికి బానెట్ కూడా లేపాల్సి వచ్చింది. అమెరికాలో దాన్ని 1968లో ఆపేశారు, మన మహీంద్రా వాళ్లు మాత్రం ఆ ఎత్తు బానెట్‌ని ఆ తర్వాతా వదల్లేదు. అంటే మన జీపు ఇంజను పుట్టడమే ఒకదాన్ని బాగుచేస్తే, దాన్ని ఇంకొంచెం బాగుచేస్తే పుట్టింది. ఈ సంగతి తెలిశాక, దాని మీద చెయ్యి వెయ్యడానికి నాకున్న భయం సగం పోయింది.

సరే, అసలు కథ. మార్చి నెలాఖర్లో హెడ్డు విప్పడానికి కూర్చున్నాం, నేనూ వీధి చివర షెడ్డు మేస్త్రీ. వాల్వుల్ని నొక్కే రాకర్లు తీశాం. వాటిని తోసే పుష్ రాడ్లు వరస తప్పకుండా అట్టముక్కకి కన్నాలు పెట్టి గుచ్చాం. హెడ్డు బోల్టులన్నీ ఊడదీసి డబ్బాలో వేశాం. రావాలి కదా హెడ్డు? కదల్లేదు. చెక్క సుత్తితో చుట్టూ తట్టాం. అంచుల వెంట డీజిల్ పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున మళ్లీ తట్టాం. ఊహూ.

మేస్త్రికి పట్టుదల వచ్చింది. పాక దూలానికి చైన్ బ్లాక్ కట్టి, హెడ్డుకి కొక్కెం తగిలించి లాగాడు. గొలుసు బిగిసింది, దూలం కిర్రుమంది. ఒరేయ్, హెడ్డు రాలేదు, జీపే లేచింది! ముందు చక్రాలు రెండూ నేలకి బెత్తెడు ఎత్తున వేలాడుతున్నాయి. ఆ బరువంతా ఎక్కడ ఆగుతోందో మాకిద్దరికీ అంతు పట్టలేదు. దించేశాం. అప్పుడు మేస్త్రి ఉలి తెచ్చాడు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య పెట్టి కొడతానన్నాడు. అది పోతపోసిన ఇనుము, ఒక్క దెబ్బ పక్కకి పడితే పగులుతుంది. పగిలితే ఆ హెడ్డు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? నాకు చేతులు చల్లబడ్డాయి. ఒక్క నిమిషం ఆగమని, ఏం మాట్లాడాలో తెలియకుండానే మీ మావయ్యకి ఫోన్ చేశాను.

అంతా విన్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కార్బురేటర్ విప్పార్రా?" అన్నారు.

"విప్పేశాం మావయ్యా, నిన్ననే."

"దాని కింద కన్నంలో చూశారా?"

ఆ కన్నంలో దుమ్ము పడకూడదని మేమే శుభ్రంగా గుడ్డ కుక్కి పెట్టాం. గుడ్డ లాగి టార్చి వేశాను. లోపల, మసి పట్టి, గోడలో కలిసిపోయినట్టు, బోల్టు తల ఒకటి కూర్చుని ఉంది బుజ్జీ! ఈ ఇంజనుకి గాలి గొట్టం వేరే ఉండదు, హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. కార్బురేటర్ నేరుగా హెడ్డు మీదే కూర్చుంటుంది. ఆ దారి మధ్యలోనే ఒక హెడ్డు బోల్టు పెట్టారు. రెండు రోజులుగా మేం లాగింది ఆ ఒక్క బోల్టునే. పొడుగు ఎక్స్‌టెన్షన్ వేసి తిప్పితే నాలుగు చుట్లకి వచ్చేసింది. హెడ్డుని నేనొక్కణ్ణే చేతులతో ఎత్తాను.

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. "వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది మావయ్యా అన్నాను. "మారేడుమిల్లి ఘాట్లో గ్యాస్కెట్ పోయినప్పుడు వానలో ఒక పూటంతా దాని కోసమే వెతికాంరా" అని పెట్టేశారు. ఆయన గొంతు నువ్వు వినాల్సింది. అత్తయ్య పోయాక ఆయన అంత హుషారుగా మాట్లాడటం నేను వినలేదు.

మేస్త్రి ఉలిని గోనెసంచిలో చుట్టి లోపల పెట్టేశాడు. పాపం, అతనూ భయపడ్డాడు.

ఇంక లోపల చూస్తే ఏముంది. ఇంజను పూర్తిగా బోరుకొచ్చేసింది, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు అరిగిపోయాయి. పిస్టన్ల నెత్తిన 40 అని గుద్ది ఉంది. అంటే ఇదివరకే 40 థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజుకి తొలిచారు, ఇంకా తొలిస్తే గోడలు పల్చబడతాయి. పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్, గీతలు పడింది. వాల్వుల్ని ఆడించే క్యామ్ గేరు పళ్లు అరిగాయి. నీకు గుర్తుందా, ఘాట్ ఎక్కుతున్నప్పుడు ముందునుంచి టకటక వినబడేది, నువ్వు దానికి తగ్గట్టు చేత్తో తాళం వేసేవాడివి? అదే.

ఇక్కడ అందరూ నా మీద పడ్డారు. "ఈ పాత పెట్రోలు ఇంజను తీసి పారెయ్, డీజిల్ది వేయించు, మైలేజీ వస్తుంది" అని. మన వైపు పాత జీపులన్నీ అలాగే మారాయి, వాళ్లది తప్పనను. ఇంజను మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి, అదీ ఒక తిరుగుడు. కానీ నా బాధ అది కాదు. ఈ ఇంజను బోరు (గొట్టం వెడల్పు) 79 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 111. వెడల్పు కంటే లోతెక్కువ. అందుకే పరిగెత్తదు, కానీ నెమ్మదిగా తిరుగుతూనే బరువు లాగుతుంది. ఆ మెత్తటి లాగుడు, ఆ చప్పుడు పోయాక మిగిలేది మీ మావయ్య జీపు కాదు. తీసెయ్యను, దీన్నే బాగుచేస్తానని అప్పుడే గట్టిగా అనేసుకున్నాను.

ఊళ్లో ఒక లేత్ షాపుకి క్రాంక్ ఇస్తే మూడు వారాలు ఉంచుకుని, ముట్టుకోకుండా, తుప్పు పట్టించి తిరిగిచ్చారు. వద్దులే, పొద్దున్నే ఆ కోపం ఎందుకు. బ్లాకూ క్రాంకూ వ్యాన్‌లో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ పెద్దాయన ఒకాయన గోడల మీద గోరుతో గీసి చూసి, స్లీవులు, అంటే లోపల కొత్త గొట్టాలు, కొడదామన్నాడు. నాలుగు బోర్లూ తొలిచి, కొత్త స్లీవులు దింపి, మళ్లీ కంపెనీ సైజుకి బోరు వేశాడు. అంటే జీపు కొత్తగా వచ్చిన నాటి కొలత. క్రాంకు 20 థౌలు అండర్‌సైజుకి గ్రైండింగ్ అయింది, కొత్త బేరింగులు పడ్డాయి.

పొగ వాల్వుల సీట్లు, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు, కూడా గట్టివి వేయించాను. ఒకప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది, వాల్వుకీ సీటుకీ మధ్య అది మెత్తలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. బ్లాకులో ఉన్న ఈ వాల్వులు ఎక్కువ వేడెక్కుతాయి, మెత్త లేకపోతే సీట్లు తినేస్తాయి. ఇప్పుడేమో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరుని పాడుచేస్తుంది. అందుకని పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం అన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్చాను. డైనమో బదులు ఆల్టర్నేటర్. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బయటికి పాతదే, మూత తీస్తే పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ముక్క. మావయ్య అగ్గిపెట్టె అట్ట చింపి పాయింట్ల ఖాళీ చూసుకునేవారు కదా, ఇక ఆ పని లేదు. దానికి మాత్రం ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చెప్తా విను. పిస్టన్లనీ క్రాంకునీ కలిపే కనెక్టింగ్ రాడ్లు నాలుగూ ఒకే బరువుండాలి, లేకపోతే ఇంజను వణుకుతుంది. అంత సన్నటి తూకం ఎక్కడుంది? మెయిన్ రోడ్డులో మనకి తెలిసిన బంగారం కొట్టుకి పట్టుకెళ్లాను. ఆయన పాపం గాజులు తూచే పళ్లెంలో పేపరు పరిచి, రాడ్లు ఒక్కోటీ తూచి పెట్టాడు. మూడోది మిగతా వాటికంటే 14 గ్రాములు ఎక్కువ! ఇంటికొచ్చి కొంచెం అరగదియ్యడం, మళ్లీ కొట్టుకి పరిగెత్తడం. ఐదుసార్లు తిరిగాను. చివరికి నాలుగూ ఒక గ్రాము తేడాలోకి వచ్చాయి. ఆయన డబ్బులు తీసుకోలేదు. స్టార్టయ్యాక తన కొట్టు ముందు నుంచి ఒకసారి పోనిమ్మన్నాడు, అంతే.

వాల్వులు నేనే నూరాను. సీటుకి పేస్టు రాసి, రబ్బరు గిన్నె ఉన్న పుల్లని వాల్వు తలకి అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పాలి. మొదట గరగరమంటుంది. కాసేపటికి ఆ గరుకు తగ్గి, చప్పుడు సన్నగా అవుతుంది. ఎత్తి చూస్తే సీటు చుట్టూ బూడిద రంగు ఉంగరం, ఎక్కడా తెగకుండా. వాల్వు మీద కిరసనాయిలు పోసి పొద్దుటిదాకా వదిలాను. ఒక్క చుక్క కిందికి దిగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా, సంతోషంతో.

హెడ్డు ఎక్కించే రోజు మావయ్యని గోకవరం నుంచి తీసుకొచ్చాను. టార్క్ రెంచితో మధ్యనుంచి అంచులకి, మూడు విడతల్లో బిగించాం. అన్నీ అయ్యాక ఆ దాక్కున్న బోల్టు మిగిలింది. రెంచి ఆయన చేతికిచ్చాను. ఆయన చెయ్యి ఇప్పుడు కొంచెం వణుకుతుంది, నీకు ఫోన్లో చెప్పి ఉండరు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. రెండు చేతులతో, మెల్లగా, టిక్ అనేదాకా లాగారు. ఆ తర్వాత కార్బురేటర్ కూర్చోబెట్టాం.

గురువారం సాయంత్రం నిమ్మకాయలు పెట్టాం. మూడోది కూడా పెట్టాం, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ముందు ప్లగ్గులు విప్పేసి సెల్ఫ్ కొట్టాం, ఆయిల్ పైకెక్కేదాకా. ప్లగ్గులు పెట్టి చోక్ లాగి కొడితే కార్బురేటర్లోంచి ఢాం అని మంట! పిల్లలు పరుగు. ఫైరింగ్ ఆర్డర్ (ప్లగ్గులు మండే వరస) 1-3-4-2 సరిగ్గానే పెట్టాను, కానీ డిస్ట్రిబ్యూటర్లో ఈ రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, నేను వైర్లు గడియారం తిరిగే వైపు పెట్టాను. మార్చాను. మళ్లీ కొట్టాం. ఒక దగ్గు. ఇంకో దగ్గు. తర్వాత, బుజ్జీ, అందుకుంది! అదే చప్పుడు. మన చిన్నప్పటి చప్పుడే, ఆ టకటక ఒక్కటే లేదు. ఆయిల్ ప్రెషర్ ముల్లు 40 దగ్గర నిలబడింది. రేడియేటర్ మీద గ్లాసుతో నీళ్లు పెట్టాను, పైన సన్నగా వలయాలు వస్తున్నాయి తప్ప తొణకలేదు.

మావయ్య ఏమీ మాట్లాడలేదు. బానెట్ మీద అరచెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. తర్వాత డ్రైవర్ సీటుకి ఎడమపక్క కూర్చుని, "బుజ్జిగాడు లేడేంట్రా ఇక్కడ" అన్నారు. నేనేం చెప్పను? నువ్వు వెనక సీట్లో కూర్చున్నట్టే అనిపించింది నాకు. డిసెంబరులో సెలవు ఇవ్వరా అక్కడ? ఒక్క పది రోజులు. మీ ఆఫీసులో నువ్వు అడిగితే...

హెడ్డు బోల్టులు వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాం. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా తోలాలి, తర్వాత ఆయిల్ మార్చాలి. ఇవాళ రంపచోడవరం దాకా, ఘాట్ జోలికి పోకుండా. గేర్ బాక్స్ సంగతి ఇంకా చెప్పనేలేదు, అందులో దొరికిన వస్తువు ఏంటో తెలిస్తే నువ్వు నమ్మవు, అది మన గుడ్ల కేసు నాటిదే, నీ పేరు కూడా...

అదిగో, మావయ్య కింద హారన్ కొడుతున్నారు. ఆయన నాలుగింటికే లేచి తయారై కూర్చున్నారు. వచ్చాక రాస్తాను.

నీ
చంటి